రెండు వందల కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ మార్పు: ఒక కేస్ స్టడీ

మొదట్లో ఉన్న పరిస్థితి

ఈ మార్పు మేం చేసిపెట్టిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. రెండు వందల పైచిలుకు కంప్యూటర్లు, ఒక ప్రధాన కార్యాలయం, నెమ్మది లైన్ మీద నడిచే రెండు బ్రాంచీలు. వీటికి తోడు ఒక గదిలో బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని కొన్ని మెషీన్లు. ఆ గదికి ఇంటర్నెట్ ఇవ్వకూడదన్నది వాళ్ల భద్రతా నియమం. ఎక్కువ కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2016, కొన్నింటిలో ఇంకా 2013. రెండూ పాత ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్) పద్ధతిలో ఎక్కించినవే, రెండూ 32 బిట్‌వే.

2013కి సపోర్ట్ 2023 ఏప్రిల్ 11తోనే ముగిసింది. అప్పుడు ఎవరూ కదల్లేదు. 2016కి 2025 అక్టోబర్ 14 ఆఖరని, విండోస్ 10కి కూడా అదే తేదీ అని తెలిశాక యాజమాన్యంలో టెన్షన్ మొదలైంది. సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలా, ఒకసారి కొనేసే వెర్షన్ తీసుకోవాలా అన్న చర్చ కొంతకాలం సాగింది. చివరికి ఇంటర్నెట్ లేని గదే తీర్పు చెప్పింది. సబ్‌స్క్రిప్షన్ ఆఫీస్ అప్పుడప్పుడూ ఇంటర్నెట్‌లోకి వెళ్లి లైసెన్స్ సరిచూసుకోవాలి. అందుకని అందరికీ ఒకసారి కొనేసే వెర్షన్, ఆఫీస్ ఎల్‌టీఎస్‌సీ 2024, అనుకున్నాం. దీనికి 2029 అక్టోబర్ 9 దాకా సపోర్ట్ ఉంటుంది, మధ్యలో కొత్త ఫీచర్లు వచ్చి బటన్ల చోటు మారదు. ఉద్యోగుల్లో చాలామందికి ఈ రెండోదే పెద్ద సుఖం.

ఈ పనిలో ఇన్‌స్టాలేషన్ చిన్న భాగం. ఆఫీస్‌లో ఒకే మార్పును నాలుగు చోట్ల చేయొచ్చు: ఇన్‌స్టాల్ ఎలా చేయాలో రాసే ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో, యూజర్ మార్చుకోగలిగే ప్రిఫరెన్స్‌గా, సర్వర్ నుంచి అందరి మెషీన్లకూ వెళ్లే గ్రూప్ పాలసీగా, లేదా ఒక టెంప్లేట్ (నమూనా) ఫైల్‌గా. నాలుగింటిలోనూ ఆ రోజుకి తెర మీద కనిపించే ఫలితం ఒకటే. ఆరు నెలల తర్వాత ఆ సెట్టింగ్ గురించి ఎవరు ఫోన్ చేస్తారు, దాన్ని మార్చడానికి ఎంత శ్రమ పడాలి అన్నది మాత్రం ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టే ఉంటుంది. ఈ కేసులో వచ్చిన తలనొప్పులు చాలావరకు ఎవరో ఎప్పుడో ఒక సెట్టింగ్‌ని తప్పుచోట పెట్టడం వల్ల వచ్చినవే.

ముందు చూసుకున్నవి

ఏ కంప్యూటర్‌లో ఏ వెర్షన్ ఉందో తెలుసుకోవడం సులువు, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) చదివే చిన్న స్క్రిప్ట్ చాలు. ఆ ఆఫీస్‌తో జనం ఏం చేస్తున్నారన్నది ఏ స్క్రిప్టూ చెప్పదు. అందుకని ప్రతి విభాగంలో "ఎక్సెల్ ఆగిపోతే ముందు ఎవరి పని ఆగుతుంది?" అని అడిగి, ఆ మనిషి పక్కన కాసేపు కూర్చున్నాం. అకౌంట్స్‌లో నెలాఖరు లెక్కలన్నీ ఒకే మాక్రో ఫైల్ (లోపల చిన్న ప్రోగ్రామ్ ఉన్న ఎక్సెల్ ఫైల్) మీద నడుస్తున్నాయి. స్టోర్స్‌లో ఒక యాక్సెస్ డేటాబేస్ ఉంది. అది రాసినవారు ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఒక విభాగం నోటీసులన్నీ ఆఫీస్‌లోని పబ్లిషర్‌లో తయారు చేస్తోంది. డిజైన్ వైపు కొందరికి విజియో (డయాగ్రమ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) ఉంది.

పబ్లిషర్ సంగతి ముందే తెలియడం మంచిదైంది. ఎల్‌టీఎస్‌సీ 2024లో పబ్లిషర్ లేదు. 2026 అక్టోబర్ తర్వాత మైక్రోసాఫ్ట్ దానికి సపోర్టే ఇవ్వదు. పాత నోటీసుల్ని పీడీఎఫ్‌లుగా దాచి, మళ్లీ మళ్లీ వాడే నాలుగైదు నమూనాల్ని వర్డ్‌లో కొత్తగా తయారు చేయించాం. ఇది ముందు చేయకపోతే పాత ఆఫీస్ తీసేసిన మర్నాడు ఆ ఫైళ్లు తెరిచే సాఫ్ట్‌వేరే ఉండేది కాదు.

32 బిట్టా, 64 బిట్టా

ఇప్పుడు ఆఫీస్ మామూలుగా 64 బిట్‌లోనే ఎక్కుతుంది. పెద్ద ఎక్సెల్ ఫైళ్లు తెరిచేవాళ్లకు అదే మంచిది. కానీ ఒకే మెషీన్ మీద క్లిక్ టు రన్ (ఎంఎస్ఐ బదులు ఇప్పుడు ఆఫీస్ ఎక్కే పద్ధతి) ఆఫీస్ ఉత్పత్తులు కొన్ని 32, కొన్ని 64గా ఉండటం కుదరదు. వర్డ్, ఎక్సెల్, విజియో, అన్నీ ఒకే రకం కావాలి. పాత మాక్రోల్లో విండోస్ ఫంక్షన్లను నేరుగా పిలిచే డిక్లేర్ లైన్లు ఉంటే, వాటికి పిటిఆర్‌సేఫ్ అన్న పదం జోడించకపోతే 64 బిట్‌లో మాక్రో మొదలే కాదు. అది సరిచేసుకోగలిగిన పనే. సరిచేయలేనిది వేరే ఉంది: పాత ఫారాల్లో తేదీ ఎంచుకోవడానికి వాడే కేలండర్ కంట్రోల్. ఎంఎస్‌కామ్‌సిటి2 అన్న ఫైల్‌లో వచ్చే ఆ కంట్రోల్‌కి 64 బిట్ రూపమే లేదు.

అకౌంట్స్ మాక్రోలో డిక్లేర్ లైన్లు కొన్నే ఉన్నాయి, సరిచేశాం. స్టోర్స్ డేటాబేస్‌లో ఆ కేలండర్ ఉంది, దానికి తోడు వేరే డేటాబేస్‌తో కలిపే ఒక 32 బిట్ ఓడీబీసీ డ్రైవర్ కూడా. కాబట్టి నిర్ణయం ఇది: అందరికీ 64, స్టోర్స్‌కి మాత్రం 32. "అందరికీ ఒకటే ఉంటే మెయింటెనెన్స్ తేలిక కదా" అని పైవాళ్లు అడిగారు. తేలికే. కానీ ఒక విభాగం కోసం రెండు వందల మందిని 32లో ఉంచడం, లేదా రెండు వందల మంది కోసం ఒక విభాగం పని ఆపడం, రెండూ నాకు నచ్చలేదు. రెండు ఎక్స్ఎంఎల్ ఫైళ్లు నిర్వహించడం పెద్ద బరువేమీ కాదు.

ఎక్స్ఎంఎల్‌లో ఏం పెట్టాం, ఏం పెట్టలేదు

పాత ఎంఎస్ఐ రోజుల్లో సెటప్‌ని అడ్మిన్ మోడ్‌లో నడిపి, మన సెట్టింగులున్న ఒక ఎంఎస్‌పీ ఫైల్ తయారు చేసి, అప్‌డేట్స్ ఫోల్డర్‌లో పడేస్తే సరిపోయేది. 2019 నుంచి ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఆఫీస్ డిప్లాయ్‌మెంట్ టూల్, దానికి ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్. ముందు డౌన్‌లోడ్ ఆదేశంతో ఫైళ్లను మన సర్వర్‌కి దించుకుంటాం, తర్వాత కాన్ఫిగర్ ఆదేశంతో ఒక్కో మెషీన్ మీద ఎక్కిస్తాం.

ఆ ఎక్స్ఎంఎల్‌లో మేం పెట్టినవి తక్కువే. ఏ ఉత్పత్తి, ఎన్ని బిట్లు, ఏ భాషలు, అప్‌డేట్లు ఏ ఛానెల్ నుంచి రావాలి, ఫైళ్లు ఏ ఫోల్డర్ నుంచి తీసుకోవాలి, లాగ్ ఎక్కడ రాయాలి. వన్‌డ్రైవ్ వద్దన్నాం, స్టోర్స్ వాళ్లకు తప్ప యాక్సెస్ వద్దన్నాం. పాత ఆఫీస్‌ని తీసేయడానికి రిమూవ్ఎంఎస్ఐ అన్న ఒక్క లైన్ చాలు, అది 2010, 2013, 2016 మూడింటినీ తుడిచేస్తుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. వద్దని విడిగా చెప్పకపోతే ఆ లైన్ విజియో, ప్రాజెక్ట్‌ల పాత ఎంఎస్ఐ కాపీల్ని కూడా తీసేస్తుంది. పాత విజియోని వదిలేయమని చెప్పే వీలు ఉన్నా, 2016 ఎంఎస్ఐ, కొత్త క్లిక్ టు రన్ ఒకే మెషీన్ మీద కలిసి ఉండవు. అందుకని విజియో వాడేవాళ్లకు కొత్త విజియోనే కొని, అదే ఎక్స్ఎంఎల్‌లో చేర్చాం.

ఎక్స్ఎంఎల్‌లో యాప్‌సెట్టింగ్స్ అనే భాగం కూడా ఉంటుంది. ఎక్సెల్ ఏ ఫార్మాట్‌లో సేవ్ చేయాలి, వర్డ్‌లో ఏ ఫోల్డర్ ముందు తెరవాలి వంటివి అక్కడ రాసేయొచ్చు. చాలామంది అన్నీ అక్కడే నింపేస్తారు. అక్కడ రాసినవి ప్రిఫరెన్సులు మాత్రమే, యూజర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మొదటి రోజు సౌకర్యానికి పెట్టేవాటికి అది సరైన చోటు. భద్రతకు సంబంధించినది అక్కడ పెడితే తాళం వేసి తాళంచెవి తలుపుకే వదిలేసినట్టే. ప్రిఫరెన్సులు తర్వాత మార్చాలనుకుంటే ఆఫీస్‌ని మళ్లీ ఎక్కించక్కర్లేదు, కస్టమైజ్ ఆదేశంతో అవొక్కటే పంపొచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

మెషీన్లకు చేర్చడం

వాళ్ల దగ్గర పెద్ద డిప్లాయ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ లేదు. గ్రూప్ పాలసీ ఉంది. గ్రూప్ పాలసీలోని సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలేషన్ విభాగం క్లిక్ టు రన్ ఆఫీస్‌కి పనికిరాదు కానీ, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు నడిచే స్టార్టప్ స్క్రిప్ట్ పనిచేస్తుంది. స్టార్టప్ స్క్రిప్ట్‌లో ఒక లాభం ఉంది. అప్పటికి ఎవరూ లాగిన్ అయి ఉండరు, కాబట్టి తెరిచి ఉన్న వర్డ్ ఫైల్ అంటూ ఉండదు. ఉద్యోగులు పని చేస్తున్నప్పుడు ఇన్‌స్టాల్ చేయాలంటే యాప్‌లను బలవంతంగా మూసేసే ఆప్షన్ వాడాలి, అది సేవ్ చేయని పనిని కూడా మింగేస్తుంది. ఆ ఆప్షన్ ఈ ప్రాజెక్ట్‌లో ఎక్కడా వాడలేదు.

స్టార్టప్ స్క్రిప్ట్‌కి మూడు మెలికలు ఉన్నాయి. మొదటిది, అది యూజర్ పేరుతో కాక మెషీన్ సొంత సిస్టమ్ ఖాతా కింద నడుస్తుంది కాబట్టి ఇన్‌స్టాల్ ఫైళ్లున్న షేర్‌ని (నెట్‌వర్క్ ఫోల్డర్‌ని) చదివే హక్కు డొమైన్ కంప్యూటర్స్ గ్రూప్‌కి, అంటే సంస్థ మెషీన్లన్నింటికీ, ఇవ్వాలి. యూజర్లకు మాత్రమే హక్కు ఉంటే స్క్రిప్ట్ చడీచప్పుడూ లేకుండా విఫలమవుతుంది. రెండోది, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు. సాయంత్రం ఆపి పొద్దున ఆన్ చేసిన మెషీన్‌లో స్టార్టప్ స్క్రిప్ట్ నడవదు, రీస్టార్ట్ చేస్తేనే నడుస్తుంది. "మేం రోజూ ఆపుతున్నాం సార్, అయినా మాకు రాలేదు" అని బ్రాంచి వాళ్లు అన్నది దీని గురించే. వాళ్లు అన్నది నిజమే. మూడోది అన్నింటికన్నా ముఖ్యమైనది. గ్రూప్ పాలసీ స్క్రిప్ట్‌లకు మామూలుగా 600 సెకన్ల గడువు ఉంటుంది. పాత ఆఫీస్ తీసి కొత్తది ఎక్కించడానికి పది నిమిషాలు చాలని మెషీన్లు బోలెడు. మధ్యలో తెగితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు.

గడువు పెంచే పాలసీ ఉంది. అది వాడితే ఇన్‌స్టాల్ అయ్యేదాకా లాగిన్ తెర రాక ఉద్యోగులు కూర్చుని చూడాలి. అందుకని స్టార్టప్ స్క్రిప్ట్ చేత ఇన్‌స్టాల్ చేయించకుండా, రాత్రి నడిచే ఒక షెడ్యూల్డ్ టాస్క్‌ని మాత్రమే తయారు చేయించాం. ఆ టాస్క్ ముందుగా రిజిస్ట్రీలో క్లిక్ టు రన్ కాన్ఫిగరేషన్ చూస్తుంది. కొత్త వెర్షన్ అప్పటికే ఉంటే ఆగిపోతుంది. లేకపోతే ఎవరైనా లాగిన్ అయి ఉన్నారేమో చూసి, లేకపోతేనే మొదలుపెడుతుంది. లాగ్ ఫైళ్లన్నీ ఒకే షేర్‌లో పడతాయి, పేరులోనే కంప్యూటర్ పేరు ఉంటుంది. పొద్దున్నే ఆ ఫోల్డర్ చూస్తే చాలు.

బ్రాంచీల విషయం చిన్నది. ఇన్‌స్టాల్ ఫైళ్లు కొన్ని జీబీలు ఉంటాయి. ప్రతి మెషీన్ వాటిని ఆ నెమ్మది లైన్ మీద లాగితే లైన్ కూలబడుతుంది. రాత్రిపూట ఒక్కసారి బ్రాంచిలోని ఒక మెషీన్‌కి కాపీ చేసి, ఆ బ్రాంచి ఎక్స్ఎంఎల్‌లో అదే చోటు రాశాం.

పాత పాలసీల దెయ్యాలు

ఆఫీస్ 2016, 2019, ఎల్‌టీఎస్‌సీ 2021, 2024 అన్నీ లోపల 16.0 వెర్షనే. గ్రూప్ పాలసీ టెంప్లేట్లు కూడా అవే. దీనివల్ల ఒక సౌకర్యం, ఒక ప్రమాదం. 2016 కాలంలో పెట్టిన పాలసీలు కొత్త ఆఫీస్ ఎక్కిన క్షణం నుంచి దాని మీద కూడా అమలవుతాయి.

ఇక్కడ అలాంటివి చాలా ఉన్నాయి. ఎవరు, ఎందుకు పెట్టారో రాసిపెట్టిన కాగితం లేదు. అందులో ఒకటి ఎక్సెల్‌లో అన్ని మాక్రోలనూ అడక్కుండా నడవనిచ్చే పాలసీ. ఏ రోజో ఎవరి మాక్రోనో నడవక, విసిగి, అందరికీ తలుపులు తెరిచేసి ఉంటారు. ఏళ్ల తరబడి అలాగే ఉంది. మేం ఆఫీస్ పాలసీలన్నింటినీ ఒక పక్కన పెట్టి, ఖాళీ గ్రూప్ పాలసీతో మొదలుపెట్టి, ఒక్కోదానికి కారణం చెప్పగలిగితేనే తిరిగి చేర్చాం. తిరిగి చేరినవి మూడోవంతు కూడా లేవు.

మాక్రోల విషయంలో పెట్టిన నియమం: డిజిటల్ సంతకం ఉన్నవే నడుస్తాయి. సంస్థ సొంత సర్టిఫికెట్‌తో అకౌంట్స్ మాక్రోకి సంతకం చేశాం, ఆ సర్టిఫికెట్‌ని అందరి మెషీన్లలో నమ్మకమైన ప్రచురణకర్తల జాబితాలోకి పాలసీ ద్వారా చేర్చాం. నెట్‌వర్క్ ఫోల్డర్‌ని ట్రస్టెడ్ లొకేషన్ చేసేస్తే అంతా తేలిక కదా అన్నారు వాళ్ల ఐటీ వాళ్లు. అందరూ రాయగలిగే ఫోల్డర్‌ని నమ్మడమంటే ఆ ఫోల్డర్‌లో ఎవరు ఏది పడేసినా నమ్మడమే. ఒప్పుకోలేదు.

ఒకే ఫైల్, రెండు ప్రవర్తనలు

ముందుగా కొద్దిమందితో నడిపిన పరీక్ష దశలో వచ్చిన ఈ సమస్య చెప్పుకోదగ్గది. స్టోర్స్ వాళ్లకు ఇంకా సంతకం చేయని ఒక చిన్న మాక్రో ఫైల్ ఉంది. వాళ్ల పని ఆగకుండా ఆ విభాగానికి సంతకం నియమాన్ని తాత్కాలికంగా సడలించాం. అదే ఫైల్, అదే షేర్, అదే ఆఫీస్. ఒకరికి పసుపు పట్టీ వచ్చి ఎనేబుల్ అంటే నడుస్తోంది. పక్క సీట్లో ఎర్ర పట్టీ వచ్చి మాక్రో పూర్తిగా బ్లాక్ అవుతోంది.

ఎర్ర పట్టీ అంటే ఆఫీస్ ఆ ఫైల్‌ని ఇంటర్నెట్ నుంచి వచ్చినదిగా చూస్తోందని అర్థం. 2022 నుంచి ఇంటర్నెట్ ఫైళ్లలోని మాక్రోలను ఆఫీస్ తనంతట తానే బ్లాక్ చేస్తుంది. ఫైల్‌కి జోన్ గుర్తు (ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే విండోస్ ముద్ర) ఏమైనా అంటుకుందా అని చూశాం, లేదు. రెండు మెషీన్లలో పాలసీలు పోల్చాం, తేడా లేదు. తేడా డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్‌లో ఉంది. ఒకరి షార్ట్‌కట్ సర్వర్ పేరుతో, రెండోవారిది ఐపీ అడ్రస్‌తో (చుక్కలతో రాసే అంకెల చిరునామాతో). విండోస్ దృష్టిలో చుక్కలు లేని సర్వర్ పేరు లోకల్ ఇంట్రానెట్. చుక్కలున్న చిరునామా, ఐపీ అయినా పూర్తి డొమైన్ పేరైనా, విడిగా చెప్పకపోతే ఇంటర్నెట్ జోన్‌లోకి వెళ్తుంది.

ఎప్పుడో సర్వర్ పేరు దొరకని రోజున ఎవరో ఐపీతో షార్ట్‌కట్ చేసి ఇచ్చారు, అది మెయిల్‌లో ఒకరి నుంచి ఒకరికి పాకింది. పాత పాలసీలో అన్ని మాక్రోలూ అనుమతించి ఉండటంతో ఇన్నాళ్లూ బయటపడలేదు. సర్వర్ పూర్తి పేరును జోన్ల జాబితా పాలసీలో లోకల్ ఇంట్రానెట్‌కి చేర్చాం, ఐపీ అడ్రస్‌ని కావాలనే చేర్చలేదు. షార్ట్‌కట్‌లను గ్రూప్ పాలసీ ప్రిఫరెన్స్‌తో అందరికీ ఒకేలా పంపి, పాతవి తీసేశాం.

పనిచేయని బటన్లు

అకౌంట్స్ మేడమ్ ఫోన్: "ఫైల్ తెరుచుకుంటోందండి, మాక్రోకి పర్మిషన్ కూడా అడగట్లేదు, కానీ బటన్ నొక్కితే చలనం లేదు." ఇది మేం ఎదురుచూస్తున్న ఫోనే. ఆఫీస్ 2024 నుంచి యాక్టివ్ఎక్స్ కంట్రోళ్లు (ఫైల్‌లో అమర్చే పాత రకం బటన్లు, పెట్టెలు) మామూలుగానే ఆపేసి ఉంటాయి. ముందు వెర్షన్లు అడిగేవి, ఇది అడగదు. బటన్ బొమ్మలా కనిపిస్తుంది, నొక్కితే ఏమీ జరగదు.

పాత ప్రవర్తన తిరిగి తెచ్చే పాలసీ ఉంది. దాన్ని అకౌంట్స్ గ్రూప్‌కి మాత్రం, ఒక ఆఖరి తేదీ పెట్టి, ఇచ్చాం. ఆ లోపల ఫైల్‌లోని యాక్టివ్ఎక్స్ బటన్లను మామూలు ఫారం బటన్లుగా మార్చాం. బటన్‌కి మాక్రో తగిలించడమే కాబట్టి పని తేలిక. మార్పు అయ్యాక ఫైల్‌కి మళ్లీ సంతకం చేయాలి, లేకపోతే సంతకాల నియమం దాన్ని ఆపేస్తుంది. తేదీ రాగానే పాలసీ తీసేశాం. "తాత్కాలికం" అని పెట్టిన పాలసీల పేరులోనే ఆఖరి తేదీ రాయడం నా అలవాటు. పేరులో లేకపోతే అది శాశ్వతమే.

రూపురేఖలు

మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే ప్రశ్నలు, ఏ ఫార్మాట్ కావాలి, సైన్ ఇన్ అవుతారా వంటివి, ముందే ఆపేశాం. ఫార్మాట్ ప్రశ్నని ప్రిఫరెన్స్‌గా, సైన్ ఇన్‌ని పాలసీగా. మొదటిది ఒక్కసారి రాకుండా ఉంటే చాలు, రెండోది ఎప్పటికీ వద్దు. అందుకే చోటు వేరు.

లెటర్‌హెడ్ విషయంలో కాస్త ఎక్కువ ఆలోచించాం. 2007 నుంచి వర్డ్ డిఫాల్ట్ ఫాంట్ కాలిబ్రి, కొత్త వెర్షన్‌లో ఆప్టోస్. సగం మంది కొత్త ఆఫీస్‌లో, సగం మంది పాతదాంట్లో ఉన్న రోజుల్లో, కొత్తదాంట్లో రాసిన ఉత్తరం పాతదాంట్లో తెరిస్తే ఫాంట్ మారి పేజీలు జరిగిపోతాయి. కొత్త ఫైళ్లకు వర్డ్ వాడే అందరి నార్మల్ టెంప్లేట్‌నీ మార్చేద్దామన్నారు. అది యూజర్ సొంత ఫైల్, వాళ్ల ఆటోటెక్స్ట్, కీబోర్డ్ షార్ట్‌కట్లు అందులో ఉంటాయి. దాన్ని ముట్టుకుంటే ఏళ్ల అలవాట్లు పోతాయి. బదులుగా ఫాంట్ స్పష్టంగా రాసి ఉన్న లెటర్‌హెడ్, నోట్, మినిట్స్ టెంప్లేట్లను ఒక చదవడానికే వీలున్న ఫోల్డర్‌లో పెట్టి, వర్క్‌గ్రూప్ టెంప్లేట్ల చోటుగా పాలసీలో రాశాం. లెటర్‌హెడ్‌లో ఫోన్ నంబర్ మారితే ఒక్క ఫైల్ మార్చితే చాలు. రిబ్బన్ జోలికి వెళ్లలేదు. అందరికీ ఒకే రిబ్బన్ ఇస్తే ఎవరికీ నచ్చదు.

యాక్టివేషన్, అప్‌డేట్లు

యాక్టివేషన్‌కి సొంత కేఎంఎస్ సర్వర్ (మన నెట్‌వర్క్‌లోనే లైసెన్స్ సరిచూసే సర్వర్) పెట్టాం. ఆఫీస్‌కి కనీసం ఐదు కంప్యూటర్లు అడిగేదాకా అది ఎవరికీ యాక్టివేషన్ ఇవ్వదు, పరీక్ష మొదట్లో ఎర్రర్ చూసి కంగారు పడక్కర్లేదు. ఒకసారి అయితే 180 రోజులు చెల్లుతుంది, నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు దానంతట అదే పొడిగించుకుంటుంది. బ్రాంచీల ఫైర్‌వాల్‌లో 1688 పోర్ట్ తెరిపించాం. ఇంటర్నెట్ లేని గదికి మాత్రం ఎంఏకే కీ (ఒక్కో మెషీన్‌నీ ఒకేసారి యాక్టివేట్ చేసే కీ) ఇచ్చి, ఫోన్ ద్వారా యాక్టివేట్ చేశాం.

అప్‌డేట్ల దగ్గర వాళ్ల ఐటీ టీమ్ కాస్త తికమకపడింది. ఎంఎస్ఐ ఆఫీస్ ప్యాచ్‌లు విండోస్ అప్‌డేట్ సర్వర్‌లో కనిపించేవి, ఇప్పుడు ఏమీ కనిపించడం లేదు. క్లిక్ టు రన్‌కి ఆ దారి లేదు. ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే అప్‌డేట్‌ని డిప్లాయ్‌మెంట్ టూల్‌తో ముందు ఒక పరీక్ష ఫోల్డర్‌కి దించుతాం. పరీక్ష గ్రూప్ ఆ ఫోల్డర్ నుంచి తీసుకుంటుంది. వారం గడిచాక ఎవరి నుంచీ ఫిర్యాదు రాకపోతే అసలు ఫోల్డర్‌కి కాపీ. అప్‌డేట్ పాత్ పాలసీలో ఉంది కాబట్టి సర్వర్ మారినా ఎక్స్ఎంఎల్ ముట్టుకోనక్కర్లేదు. ఇంటర్నెట్ లేని గదికి ఆ ఫోల్డర్ డిస్క్‌లో వెళ్తుంది, వైరస్ స్కాన్ అయ్యాక.

ఇంకా మిగిలింది స్టోర్స్ డేటాబేస్. కేలండర్ కంట్రోల్ తీసేసి తేదీకి మామూలు టెక్స్ట్ బాక్స్ పెడితే చాలు, యాక్సెస్‌లో తేదీ ఫీల్డ్‌కి సొంత కేలండర్ బొమ్మ వస్తుంది. 32 బిట్ ఓడీబీసీ డ్రైవర్‌కి 64 బిట్ రూపం ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ల నుంచి రావాలి. వచ్చేదాకా ఆ విభాగం ఎక్స్ఎంఎల్ విడిగానే ఉంటుంది. ఆ ఫైల్ మొదటి లైన్‌లో కామెంట్‌గా కారణం రాసిపెట్టాం, డ్రైవర్ గురించి ఎవరిని అడగాలో కూడా.